కతోలిక విచారణల (పారిష్‌ల) విలీనంలో గురువు (ఫాదర్) స్థానం ఏమవుతుంది?

గురువుల కొరత వల్ల మా విచారణను పొరుగు విచారణలతో కలిపే ఆలోచన జరుగుతోంది. శ్రీసభ (కతోలిక సంఘం) చట్టంలోని 515వ సూత్రం ప్రకారం విచారణను రద్దు చేసే అధికారం మేత్రాణులదే (బిషప్‌దే) అయినా, గురువుల మండలి అభిప్రాయం వినకుండా ఆయన ఆ పని చేయకూడదు. మరి విశ్వాసుల మాట ఏ దశలో వింటారు? 517వ సూత్రం అనుమతించినట్లు డీకన్‌కో (గురువు కంటే కింది స్థాయి అభిషిక్త సేవకుడికో) గృహస్థ విశ్వాసులకో కొంత కాపరి బాధ్యత అప్పగించినా, దివ్యబలిపూజ (మాస్), పాపసంకీర్తనం (పాపాలు ఒప్పుకుని క్షమాపణ పొందడం), వ్యాధిగ్రస్తుల అభ్యంగనం (రోగులకు పవిత్ర తైలం పూయడం) గురువు లేనిదే జరగవు కదా. మంచం పట్టిన వృద్ధులను తలచుకుంటేనే నాకు దిగులుగా ఉంది. గురువు పూజ చేసి వెళ్లిపోయే అతిథిగా మిగిలిపోకుండా మీ విచారణల్లో ఏం చేశారు? ఉత్తర్వు అందాక పునఃపరిశీలన కోరడానికి 10 రోజులే గడువు గనుక, ఇప్పటి నుంచే ఎలా సిద్ధపడాలో అనుభవమున్నవారు దయచేసి తెలియజేయగలరు.