పెద్దపండక్కి బట్టల షాపులు రాత్రి తొమ్మిదికే మూయమని అడుగుదామా?

మహేంద్రతనయ:
ఒడిశాలో మన పర్లాకిమిడి, కాశీనగర్ వైపు తెలుగువాళ్లందరినీ అడుగుతున్నాను. సీజన్‌లో బట్టల షాపులు రాత్రి పదకొండు దాకా తెరిచి ఉంచడం అవసరమా? తొమ్మిదికి మూసేయమని వర్తక సంఘానికి అర్జీ పెడదామని నా ఆలోచన.

మన ఊరి సీజన్ సంగతి బయటివాళ్లకి తెలియదు. ఆంధ్రా వైపు సంక్రాంతి ముందే సందడి. మనకి డిసెంబరులోనే మొదలవుతుంది. గజపతి జిల్లాలో మూడో వంతుకు మించి క్రైస్తవులే కదా. గుమ్మ, సెరంగో, నువాగడ కొండల మీది సవరలు క్రిస్మస్ బట్టలకి పికప్ వ్యాన్లు కట్టించుకుని ఇక్కడికే దిగుతారు. అది అవగానే న్యూ ఇయర్, ఆ వెంటనే మన పండగ. కౌంటర్లలో నిలబడే ఆడవాళ్లకి నెల పైన ఊపిరి తిరగదు.

మా ఆవిడ ఒక షాపులో చీరల సెక్షన్‌లో పనిచేస్తుంది. పొద్దున్న వెళ్తే ఇంటికొచ్చేసరికి రాత్రి పదకొండున్నర. పోయిన సీజన్‌లో కాళ్లు వాచి మెట్టెలు బిగుసుకుపోయాయి. సబ్బునురుగు రాసి తీయాల్సి వచ్చింది. భోగి సాయంత్రం మా పాపకి భోగిపళ్లు పోస్తే తల్లి లేదు, షాపులో ఉంది. మా అమ్మా, చెల్లీ పోశారు. పాప రేగిపళ్లు కూడా ఏరుకోలేదు, గుమ్మం వైపే చూస్తూ కూర్చుంది. ఊరందరికీ పండగ బట్టలు మడతపెట్టి ఇచ్చే మనిషికి ఇంట్లో పండగ లేకపోవడం ఎవరికీ తప్పుగా అనిపించడం లేదా?

పాతపట్నం బాబాయ్:
న్యాయమైన మాట. నా సంతకం రాసుకోండి.

షావుకారబ్బాయి:
మహేంద్రతనయ గారూ, మీ బాధ అర్థమైంది. షాపు నడిపేవాడి బాధ కూడా వినండి.

నేను తొమ్మిదికి షట్టర్ దించితే కస్టమర్ ఇంటికి పోడు, పక్కనే ఉన్న పాతపట్నం పోతాడు. అక్కడా కాదంటే ఫోన్‌లో ఆర్డర్ పెడతాడు. సరుకు సూరత్ నుంచి అప్పు మీద తెస్తాం. పండగలో అమ్మితేనే ఆ బాకీ తీరేది. మిగిలిపోయిందంటే పెళ్లిళ్ల సీజన్ దాకా బీరువాలో కూర్చుంటుంది, వడ్డీ మాత్రం కూర్చోదు. మూఢంలో, ఆషాఢంలో రోజుకి నాలుగు బిల్లులు కూడా కావు. ఆ నెలల్లో ఎవరినైనా మానిపించామా? జీతం ఇస్తూనే ఉన్నాం. ఆ జీతం ఈ నెలన్నర వ్యాపారంలోంచే వస్తుంది. సీజన్‌లో రాత్రి భోజనం పెడతాం, పండక్కి చీర పెడతాం. మా షాపు పిల్లల్ని మా ఇంటి పిల్లల్లాగే చూసుకుంటాం.

పాతపట్నం బాబాయ్:
అబ్బాయ్, పాతపట్నంలో తొమ్మిదిన్నరకే షట్టర్లు దించేస్తారు. నేను ఇక్కడే ఉంటాను.

షావుకారబ్బాయి:
బాబాయ్, పండగ ముందు వారం దించరు. నేను కళ్లారా చూశాను.

పాతపట్నం బాబాయ్:
ఏ షాపు చూశావు? బస్టాండ్ దగ్గరిదా, బజార్లోదా? బస్టాండ్ దగ్గరది లెక్కలోకి రాదు, అది ఎప్పుడూ ఆలస్యమే.

మాస్టారు (రిటైర్డ్):
తప్పు షాపువాళ్లది కాదు, కొనేవాళ్లది. మా రోజుల్లో ఏడాదికి ఒక్క జత. నాన్నగారు ఒకే తానులో గుడ్డ చింపించి తెచ్చేవారు. అన్నదమ్ములందరికీ అదే రంగు చొక్కా. దానితోనే ఎంత సంతోషంగా ఉండేవాళ్లం! ఇప్పుడు భోగికి ఒకటి, పండక్కి ఒకటి, కనుమకి ఒకటి, ఫోటోకి మరొకటి. జీతం రాకముందే కార్డు గీకుతున్నారు, పండగైపోయాక ఆరు నెలలు ఈఎమ్ఐ కడుతున్నారు. ఆడవాళ్లు ఈ పోటీ మానితే షాపులు సాయంత్రం ఆరుకే మూతపడతాయి.

కాజాలు గుండీలు:
మాస్టారూ, నమస్కారం. మీ నాన్నగారు తెచ్చిన ఆ తాను గుడ్డ మా నాన్నలాంటి వాళ్లే కుట్టారు. మా నాన్న టైలర్. ధనుర్మాసం వచ్చిందంటే మా ఇంట్లో నాన్న కనిపించేవాడు కాదు. మిషను పక్కనే చాప వేసుకుని గంటో రెండు గంటలో నడుం వాల్చేవాడు. పండగ నాడు తెల్లవారుజామున కూడా ఎవరో ఒకరు వచ్చి "మా అబ్బాయి చొక్కా అయిందా" అని తలుపు కొట్టేవారు. అమ్మ లాంతరు పట్టుకుంటే నాన్న కాజాలు కుట్టేవాడు. మాకు కొత్త బట్టలు కనుమ దాటాకే, మిగిలిన ముక్కలతో. నలభై దాటేసరికి ఆయనకి చూపు తగ్గింది. మీ సంతోషం నిజమే అయ్యుండొచ్చు. ఆ సంతోషం కోసం మేలుకున్న మనిషి అప్పుడూ ఉన్నాడు, మీకు కనిపించలేదంతే. అలాగే ఆడవాళ్ల పోటీ అని రాశారు. భోగికి అల్లుడికి ప్యాంటూ షర్టూ పెట్టకపోతే మాట అనేది ఎవరండీ?

మాస్టారు (రిటైర్డ్):
అమ్మా, నేను మీ నాన్నగారిని అనలేదు. దుబారా గురించి అన్నాను.

ఎర్నాకుళం రిటర్న్:
నేను ఎర్నాకుళంలో ఒక పెద్ద బట్టల షాపు గోడౌన్‌లో పనిచేశాను. మన జిల్లా కుర్రాళ్లు అక్కడ బోలెడుమంది. ఆ షాపులో కౌంటర్ వెనక స్టూళ్లు ఉండేవి. కస్టమర్ లేనప్పుడు సేల్స్ అమ్మాయిలు కూర్చునేవాళ్లు. ఓనరు మంచితనం అనుకున్నాను. తర్వాత తెలిసింది, అది చట్టం. కోజికోడ్‌లో మిఠాయి తెరువు అనే బజారు ఉంది. అక్కడి షాపుల్లో పనిచేసే ఆడవాళ్లు మొదట అడిగింది కుర్చీ కాదు, మరుగుదొడ్డి. అది లేక పొద్దంతా మంచినీళ్లు తాగడమే మానుకునేవాళ్లట. పి. విజి అనే ఆవిడ వాళ్లని కూడగట్టింది, ఆవిడా టైలరే. అలా ఏళ్లకేళ్లు పోరాడితే 2018లో కేరళ ప్రభుత్వం కూర్చునే హక్కు ఇచ్చింది. 2021లో తమిళనాడు కూడా అదే చట్టం చేసింది. మన ఊర్లో స్టూలు వేస్తే ఏం పోతుంది? తొమ్మిదా, పదకొండా అన్నది తర్వాత చూసుకోవచ్చు.

షావుకారబ్బాయి:
స్టూలు వేయడానికి నాకేం అభ్యంతరం లేదు. కానీ కస్టమర్ లోపలికి రాగానే స్టాఫ్ కూర్చుని కనిపిస్తే మర్యాదగా ఉండదు.

సెంట్రింగ్ పని:
నేను విశాఖలో సెంట్రింగ్ పని చేస్తాను. మాది కాశీనగర్ దగ్గర. కాంట్రాక్టర్ మాకు లెక్క తేల్చేది భోగి ముందు రోజు సాయంత్రం. ముందే ఇస్తే పని వదిలేసి పోతామని భయం. డబ్బులు తీసుకుని బస్సెక్కి పర్లాకిమిడిలో దిగేసరికి రాత్రి తొమ్మిదిన్నర, ఒక్కోసారి పది. ఆ టైంలో షాపు తెరిచి ఉంటేనే నా ఇద్దరు పిల్లలకి బట్టలు. తొమ్మిదికి మూయించేస్తే ఒట్టి చేతులతో ఇంటికెళ్లాలా? అర్జీ పెట్టేముందు మాలాంటివాళ్ల సంగతి కూడా ఆలోచించండి అన్నా. పదింటికి మీ షాపుల్లో కనిపించేది కార్లలో వచ్చేవాళ్లు కాదు, మేమే.

మహేంద్రతనయ:
తమ్ముడూ, నీ డబ్బు ఆపుకున్నవాడు నీ కాంట్రాక్టర్. దానికి నా కూతురు తల్లి లేకుండా భోగిపళ్లు పోయించుకోవాలా?

సెంట్రింగ్ పని:
నేను మీ ఆవిడ్ని ఏమీ అనలేదన్నా. నాకూ కూతురుంది.

పాతపట్నం బాబాయ్:
ఇందాక మా అన్నగారబ్బాయికి ఫోన్ చేసి అడిగాను. బజార్లో తొమ్మిదిన్నరే. పండగ వారంలో కూడా.

షావుకారబ్బాయి:
బాబాయ్, ఆ సంగతి వదిలేయండి. మహేంద్రతనయ గారూ, ఒక మాట సూటిగా అంటాను, ఏమీ అనుకోకండి. మీ ఆవిడకి అంత కష్టంగా ఉంటే మానిపించేయండి. ఎవరూ కట్టేయలేదు. సీజన్ వచ్చిందంటే పని అడుగుతూ రోజుకి ఇద్దరు ముగ్గురు అమ్మాయిలు మా షాపు మెట్లెక్కుతారు. వాళ్లకి రాత్రి పదకొండు దాకా ఉండడం కష్టం కాదు.

మహేంద్రతనయ:
ఇప్పుడు బయటపడింది మీ మనసు. ఇందాక ఇంటి పిల్లలన్నారు, ఇప్పుడు మానేయమంటున్నారు. మీ ఇంటి పిల్ల కాళ్లు వాచాయంటే ఇంకో పిల్లని తెచ్చుకుంటారా?

షావుకారబ్బాయి:
మాటలు జాగ్రత్త. మా ఇంటి ఆడవాళ్ల ఊసు తేకండి. పండగ నాడు మా అమ్మ కూడా గల్లాపెట్టె దగ్గరే కూర్చుంటుంది.

కాజాలు గుండీలు:
గల్లాపెట్టె దగ్గర కూర్చుంటుంది కదండీ. కూర్చుంటుంది.

చీరల కౌంటర్:
ఇంతసేపూ చదువుతూ ఉన్నాను. నేను కూడా ఒక బట్టల షాపులోనే పనిచేస్తాను. మహేంద్రతనయ అన్నయ్యా, మీరు మా మంచికే రాశారు, కాదనను. కానీ తొమ్మిదికి మూయమని అర్జీ పెట్టేముందు మాలో ఎవరినైనా అడిగారా? మా వదిన లాంటిదే మీ ఆవిడ. ఆవిడని అడిగారా?

నాకు తొమ్మిదికి ఇంటికెళ్లడం కాదు కావాల్సింది. నా భర్త చేతిలో పని ఉన్న రోజులు తక్కువ. పదకొండు దాకా ఉంటాను, కావాలంటే పన్నెండు దాకా ఉంటాను. తొమ్మిది దాటిన ప్రతి గంటకీ వేరే డబ్బు లెక్కగట్టి ఇవ్వమంటున్నాను. సీజన్‌లో రెండు గంటలు ఎక్కువుంటే ఆ రెండు గంటలు ఎవరి ఖాతాలోకి పోతున్నాయి? భోజనం పెట్టామంటారు. కౌంటర్ వెనక నిలబడి పది నిమిషాల్లో మింగే పులిహోర పొట్లం రెండు గంటల కూలి అవుతుందా?

ఇక పండగ చీర. మా షాపులో బోనస్ అడిగితే చీర ఇస్తారు. ఆ చీర నేనే ఎన్నోసార్లు విప్పి కస్టమర్ల ముందు పరిచాను, ఎవరూ తీసుకోలేదు. మడత దగ్గర రంగు వెలిసింది. సీజన్ చివర్లో అదే నా చేతిలో పెట్టి "పండగ చేసుకో అమ్మా" అన్నారు. దాని మీద రేటు స్టిక్కర్ కూడా తీయలేదు, ఎంత ఇచ్చారో నాకు తెలియాలని.

సీసీ కెమెరాలో కూర్చున్నట్టు కనిపిస్తే కింద నుంచి ఫోన్ వస్తుంది. బాత్రూం మూడో అంతస్తులో, గోడౌన్ పక్కన. నేనూ నీళ్లు తక్కువే తాగుతాను. ఎర్నాకుళం తమ్ముడు రాసింది చదివి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఒడిశాలో మకర సంక్రాంతికి ఒక్క రోజే సెలవు. భోగికి, కనుమకి మా పిల్లలకి బడి ఉంటుంది, మాకు షాపు ఉంటుంది. అందుకే భోగి రోజు పోయినా పోనివ్వండి. కనుమ నాడు జీతం కోయకుండా సెలవు ఇప్పించండి. మా ఇంట్లో పండగ ఆ రోజే చేసుకుంటాం.

మహేంద్రతనయ:
అమ్మా, ఇంట్లో ఇప్పుడే అడిగాను. మా ఆవిడ కూడా డబ్బు లెక్కే ముందు అంటోంది. నాకు మాత్రం ఇప్పటికీ తొమ్మిదే న్యాయం అనిపిస్తుంది. డబ్బిచ్చినా ఆ కాళ్లు అవే కదా.

మాస్టారు (రిటైర్డ్):
1965 నాటి బోనస్ చట్టంలో ఉన్న నియమమే ఇప్పుడు వేతనాల కోడ్‌లోనూ ఉందమ్మా. జీతంలో కనీసం 8.33 శాతం. చీరతో సరిపెట్టే వీల్లేదు.

షావుకారబ్బాయి:
ఆ చట్టం 20 మంది, ఆ పైన పనిచేసే చోట వర్తించేది మాస్టారూ. మా షాపులో అంతమంది లేరు.

చీరల కౌంటర్:
మా దగ్గరా అదే చెప్తారు. మా ఓనర్లకి మూడు షాపులు. ఒకటి ఆయన పేరు మీద, ఒకటి భార్య పేరు మీద, ఒకటి తమ్ముడి పేరు మీద. బోర్డులు మూడు, గోడౌన్ ఒకటి. రద్దీని బట్టి మమ్మల్ని పొద్దున్న ఒక షాపులో, సాయంత్రం ఇంకో షాపులో నిలబెడతారు. బోనస్ అడిగిన రోజు మాత్రం ఎక్కడి వాళ్లు అక్కడే, పదేసి మంది.

షావుకారబ్బాయి:
అమ్మా, మీ ఓనరు ఎవరో నాకు తెలియదు, ఆయన తరఫున మాట్లాడను. నా సంగతి చెప్తాను. నాన్నగారి రోజుల నుంచి మా దగ్గర పనిచేసినవాళ్ల పెళ్లిళ్లకి, పురుళ్లకి, ఆసుపత్రులకి అడగకుండానే ఇచ్చాం. ఏనాడూ లెక్క రాసుకోలేదు. రేపు గంటకింత, రోజుకింత అని మీరు లెక్క పెడితే నేనూ లెక్క పెట్టాల్సి వస్తుంది. మూఢంలో ఖాళీగా కూర్చున్న గంటలు కోయాల్సి వస్తుంది. పురిటికి ఇచ్చిన డబ్బు అప్పు కింద రాయాల్సి వస్తుంది. అది మీకు మంచిదా? నా మనసుకి తోచి ఇస్తే పదికి ఇరవై ఇస్తాను. హక్కు అని గట్టిగా అడిగితే మాత్రం నాకు చేయి రాదు.

ఎర్నాకుళం రిటర్న్:
గొడవంతా ఇక్కడే ఉందన్నా. తొమ్మిదీ కాదు, పాతపట్నమూ కాదు. మీ చేతిలోంచి మీకు తోచినప్పుడు రావాలంటారు మీరు. వాళ్లు చెయ్యి చాచకుండా రావాలంటున్నారు.

చీరల కౌంటర్:
షావుకారు గారూ, మీరు మంచివాళ్లే అయ్యుండొచ్చు. మీ తర్వాత మీ అబ్బాయి కూర్చుంటాడు. అతని మనసు ఎలాంటిదో నాకేం తెలుసు? పురిటికి ఇచ్చిన డబ్బు అప్పు కింద రాయండి, తీరుస్తాం. కానీ నా గంటలు కూడా అదే పుస్తకంలో రాయండి. ఒడిశాలో 1956లో చేసిన షాపుల చట్టంలోనే వారానికి ఒక రోజు సెలవు రాశారు. సీజన్ మొత్తం మాకు ఆ సెలవు లేదు. అది కూడా రాయండి. తొమ్మిది తర్వాత ఎవరు ఎంతసేపు ఉన్నారో రోజూ సంతకం పెట్టించుకోండి. అర్జీలో మిగతావన్నీ కొట్టేసినా పర్వాలేదు అన్నయ్యా, ఈ ఒక్కటి ఉంచండి.

షావుకారబ్బాయి:
ఆ పుస్తకం రేపు లేబర్ ఆఫీసుకి పట్టుకెళ్తే?

చీరల కౌంటర్:
లెక్క ప్రకారం ఇస్తే ఎందుకు పట్టుకెళ్తామండీ?

సెంట్రింగ్ పని:
అక్కా, మా కాంట్రాక్టర్ దగ్గర కూడా హాజరు పుస్తకం లేదు. నేనూ సంతకం పెడతాను. షాపు మాత్రం భోగి ముందు రాత్రి పది దాకా ఉంచమని రాయండి.

మహేంద్రతనయ:
రాస్తాను. తొమ్మిది తర్వాతి గంటల లెక్క, కౌంటర్ వెనక స్టూళ్లు, వారం సెలవు, కనుమ సెలవు. తొమ్మిదికి మూయాలన్న మాట తీసేస్తున్నాను, మనస్ఫూర్తిగా కాదు. ఆదివారం సాయంత్రం కాగితం టైప్ చేయిస్తాను. షాపుల్లో పనిచేసేవాళ్లు పేర్లు పెట్టనక్కర్లేదు, కొనేవాళ్లం మేం పెడతాం.

చీరల కౌంటర్:
వద్దన్నయ్యా. మా పేర్లు లేకుండా ఇస్తే అది మళ్లీ మీరు మాకు ఇప్పించినట్టే అవుతుంది. సీజన్ అయ్యాక ఇద్దాం, ఇప్పుడిస్తే మర్నాడే తీసేస్తారు. ఈలోగా మా సెక్షన్‌లో వాళ్లతో మాట్లాడతాను. ముగ్గురు ఒప్పుకున్నా నా పేరు ముందు రాయండి.