అప్‌డేట్: పాచిక లెక్కలో 10 రాయాలా, 14 రాయాలా?

పాచికను 60 సార్లు వేస్తే 6 పడింది 14 సార్లు, పుస్తకంలో జవాబు 10, ఏది రాయాలని అడిగాను. రెండూ రాయాలి, వేర్వేరు గళ్లలో. 60 × 1/6 = 10 ఆశించిన పౌనఃపున్యం, అంటే లెక్క ప్రకారం సగటున ఎన్నిసార్లు పడాలో; 14/60, సుమారు 0.23, సాపేక్ష పౌనఃపున్యం, అంటే నిజంగా వేసినప్పుడు మొత్తంలో ఎంత వంతు పడిందో. 14 వచ్చినంత మాత్రాన పాచికను అనుమానించనక్కర్లేదు. 50 సార్లయితే 8.33 వస్తుంది, దాన్ని 8 చేయకండి, అది సగటు.

పిల్లలు ఎక్కువగా తప్పేది జట్ల లెక్కలు కలిపేటప్పుడే. ఒక జట్టుకు 10 సార్లలో 3, ఇంకో జట్టుకు 100 సార్లలో 20 సార్లు 6 పడితే జవాబు 0.3, 0.2ల సగటైన 0.25 కాదు, 23/110, అంటే సుమారు 0.21.

మా అనంతపురం పిల్లలకు వేరుశనగే మంచి ఉదాహరణ. గింజ మొలుస్తుంది లేదా మొలవదు కాబట్టి మొలిచే అవకాశం 1/2 అనేస్తారు, అది తప్పు; వేసి చూడాలి. తడి గోనెపట్టాలో 50 గింజలు పెట్టి, 41 మొలిస్తే 0.82, అదే విత్తనం 400 గింజలకు 328 ఆశించవచ్చు.