అప్‌డేట్: బాబు ఎన్‌డీఐఎస్ (ఆస్ట్రేలియా ప్రభుత్వ వైకల్య సహాయ పథకం) ప్లాన్‌లో థెరపీ గంటలు తగ్గాయని అడిగాను కదా, తేలింది

మెల్‌బోర్న్‌లో ఉంటాం, ఏడేళ్ల బాబుకు సెరిబ్రల్ పాల్సీ, ప్లాన్ రీఅసెస్‌మెంట్ తర్వాత ఆక్యుపేషనల్ థెరపీ (రోజువారీ పనులు సొంతంగా చేసుకోవడానికి సాయపడే థెరపీ) గంటలు సగానికి పడిపోయాయని ఇక్కడ అడిగాను. గంటలు చాలావరకు తిరిగొచ్చాయి! జవాబిచ్చిన అందరికీ థాంక్స్, ముఖ్యంగా "ముందు ఇంటర్నల్ రివ్యూ అడగండి, నిర్ణయం వచ్చాక మూడు నెలలే గడువు" అని చెప్పిన అక్కకు. ఇంటర్నల్ రివ్యూ అంటే నిర్ణయాన్ని మళ్లీ చూడమని ఎన్‌డీఐఎస్ వాళ్లనే అడగడం.

ఆ రివ్యూలో పనిచేసింది మా ఆక్యుపేషనల్ థెరపిస్టు రాసిన కొత్త రిపోర్టు. థెరపిస్టు పాతది చదివి, ఇందులో లక్ష్యాలే ఉన్నాయి, బాబు రోజు ఎలా గడుస్తుందో లేదు అన్నారు. ఇంటికొచ్చి పొద్దున స్కూలుకు తయారయ్యేదాకా పక్కనే కూర్చుని చూశారు. చొక్కా గుండీ ఒక్కటి పెట్టుకోవడానికి నాలుగు నిమిషాలు, అందులో రెండుసార్లు వేళ్లు జారిపోయాయి, మూడోసారి వాడు నా వైపు చూశాడు. అదంతా అలాగే రాసి, గంటలు తగ్గితే ఏ పని ఆగిపోతుందో, ఎన్ని గంటలు ఎందుకు కావాలో లెక్కతో చూపించారు.

2025 జులై 1 ఎన్‌డీఐఎస్ ధరల మార్పే కారణమని నేను టెన్షన్ పడ్డాను, దానికీ దీనికీ సంబంధం లేదు. అప్పుడు తగ్గింది ఫిజియో గంట రేటు పరిమితి (193.99 నుంచి 183.99 డాలర్లకు), థెరపిస్టుల ప్రయాణ సమయానికి బిల్లు వేయగలిగేది సగమైంది. దాని వల్ల మా ఫిజియో ఇంటికి రావడం మానేశారు, క్లినిక్‌కు మేమే వెళ్తున్నాం, అది వేరే బాధ. ట్రిబ్యునల్ (రివ్యూలోనూ కాదంటే అప్పీల్ చేసే చోటు) దాకా వెళ్లే అవసరం రాలేదు.