ర్యామ్ కరువుల గేమింగ్ పీసీ: ఏది ముందు కొనాలె, ఏది ఆపాలె?

హన్మకొండ_1080పి

అన్నలూ, ఇంట్ల గేమింగ్ పీసీ కట్టుకుందామని చూస్తున్న. మానిటర్, కీబోర్డు, మౌస్ ఉన్నయి. డబ్బా వరకు బడ్జెట్ 60 వేలు. 1080పిల వాలరెంట్ ఎక్కువ, అప్పుడప్పుడు పెద్ద గేమ్స్.

మొదలు రైజెన్ 5 7600 ప్రాసెసర్, డీడీఆర్5 ర్యామ్ అనుకున్న. ఇప్పుడు ర్యామ్ రేటు చూస్తే లెక్క మొత్తం తప్పింది. షాపోళ్లు ఇయ్యాల్టి రేటు రేపుండదు అంటున్నరు. ఆగాల్నా, పాత తరం డీడీఆర్4కు పోవాల్నా? సామాను ఒక్కొక్కటి దొరికినప్పుడల్లా కొని పెట్టుకుంటే నడుస్తదా? పాత ఆఫీసు పీసీ తీసుకొని అండ్ల గ్రాఫిక్స్ కార్డు పెడితే ఎట్లుంటది? ఇంట్ల ఇన్వర్టర్ ఉంది, వేరే యూపీఎస్ కావాల్నా?

కాజీపేట_బెంచ్

తమ్మీ, ఆగితే తగ్గుతదని ఎవరూ మాటియ్యలేరు. మెమరీ చిప్పులు చేసేటోళ్లల్ల పెద్దవి మూడే కంపెనీలు: శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. ఏఐ సర్వర్లకు పోయే హెచ్‌బీఎం మెమరీ మీద లాభం ఎక్కువ గనుక ఫ్యాక్టరీలు అటు మళ్లినయి. 2025 డిసెంబర్‌ల మైక్రాన్ తన క్రూషియల్ బ్రాండు అమ్మకాలే బంద్ పెడుతున్నట్టు ప్రకటించింది. 2021ల కార్డుల కరువు తీరు వేరే. 2022 సెప్టెంబర్‌ల ఈథీరియం మైనింగ్ ఆగంగనే కార్డులు బజార్ల పడ్డయి. ఇప్పుడు అట్ల ఒక్క దెబ్బకు తేలే కారణం లేదు. పీసీ అవసరముంటే, చేతికి దొరికే ర్యామ్‌ను బట్టి మిగతాది ఎంచుకో. ర్యామ్ ఖాయమైనంకనే బోర్డు.

ఒక్కొక్కటి కొని అటక మీద పెట్టుడు మాత్రం వద్దు. ఆన్‌లైన్ల మార్చిచ్చే గడువు చాలావరకు వారం, పది రోజులే. బోర్డు ఇయ్యాల కొని ప్రాసెసర్ రెండు నెలలకు కొంటే, బోర్డు ఖరాబున్నదని తెలిసేసరికి గడువు దాటిపోతది. ఇగ సర్వీస్ సెంటర్ చుట్టూ తిరగాలె. అందుకే, కలిపి ఆన్ చేసి చూసుకోగలిగేవి ఒక్కసారే కొను: ర్యామ్, ప్రాసెసర్, బోర్డు, ఎస్‌ఎస్‌డీ, పవర్ సప్లై. గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే తర్వాతకు ఆపొచ్చు. అట్ల ఆపాలంటే ప్రాసెసర్ల బొమ్మ వచ్చే సౌకర్యం లోపల్నే ఉండాలె. పేరు చివర ‘ఎఫ్’ ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లకు అది ఉండదు, రైజెన్ 5 5600కు గూడ లేదు.

నా ఓటు ఐ5-12400కు, ‘ఎఫ్’ లేనిది. 6 కోర్లు, 12 థ్రెడ్లు, యూహెచ్‌డీ 730 గ్రాఫిక్స్. వాలరెంట్ సెట్టింగులు తగ్గిస్తే కార్డు వచ్చేదాక దాని మీదనే ఆడొచ్చు. దీనికి డీడీఆర్4 బోర్డులున్నయి, డీడీఆర్5 బోర్డులున్నయి. ఒకే మోడల్ పేరు మీద రెండు రకాలు అమ్ముతరు, పేరు చివర్ల ‘డీ4’ అనో ‘డీడీఆర్4’ అనో ఉన్నదా చూసుకో. గాటు స్థానం వేరు గనుక ఒకదాని ర్యామ్ ఇంకోదాంట్ల దిగదు. హెచ్610 రకం బోర్డయితే ర్యామ్ 3200 వేగం దగ్గరనే ఆగుతది, 3600 కిట్‌కు ఎక్కువ పైసలు పెట్టకు.

16జీబీ చాలు. అది రెండు 8జీబీ ముక్కలుగ తీసుకో. 3200 వేగంల ఒక్క ఛానల్‌కు (ర్యామ్ నుంచి ప్రాసెసర్‌కు పోయే దారి) సెకనుకు 25.6 జీబీ, రెండింటికి 51.2. లోపలి గ్రాఫిక్స్ ఈ ర్యామ్‌నే వాడుకుంటది, ఒక్క ముక్క పెడితే ఫ్రేములు బాగా పడిపోతయి.

పరకాల_పాతసామాను

పైన చెప్పిన క్రమం సరైనదే. కానీ డీడీఆర్4 కొత్తది కూడా ఇప్పుడు చవక కాదు, కాబట్టి పాతదాని సంగతి చూద్దాం.

ఆఫీసు పీసీల్లో ఇంటెల్ 8వ తరం కంటే పాతవి తీసుకోకండి. విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా 8వ తరం నుంచే, పైగా టీపీఎం 2.0 (పీసీలోని భద్రతా సౌకర్యం) కావాలి. విండోస్ 11లో వాలరెంట్ టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ (పీసీ లేచేటప్పుడు నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌నే నడవనిచ్చే సెట్టింగు) రెండూ అడుగుతుంది, లేకపోతే ‘వ్యాన్ 9001’ అని ఆపేస్తుంది. కొన్ని బోర్డుల్లో టీపీఎం ఉన్నా బయాస్‌లో (బోర్డు సెట్టింగుల మెనూలో) ఆఫ్ చేసి ఉంటుంది, ఇంటెల్‌లో దాని పేరు పీటీటీ. కొనే ముందే అది ఆన్ అవుతుందో లేదో చూపించమనండి.

ఐ5-8500 ఉన్న పెద్ద టవర్ దొరికితే మంచిదే, 6 కోర్లు, లోపల డీడీఆర్4 ర్యామ్ కూడా వస్తుంది. సన్న డబ్బా అయితే సగం ఎత్తు కార్డులే పడతాయి. పెద్ద కంపెనీల టవర్లలో చాలావాటికి పవర్ సప్లై కనెక్టర్ మామూలు 24 పిన్‌ది కాదు, అందుకని కొత్త పవర్ సప్లై నేరుగా తగలదు. అలాంటి డబ్బాలో పెట్టదగింది 70 వాట్ల ఆర్‌టీఎక్స్ 3050 6జీబీ, దానికి వేరే పవర్ తీగ అక్కర్లేదు. అదే కార్డు 8జీబీ రకం వేరు, దానికి తీగ కావాలి.

పాత ర్యామ్ విడిగా కొంటే లేబుల్ చదవండి. ‘1ఆర్ఎక్స్8’ అంటే 8 చిప్పులు, ‘1ఆర్ఎక్స్16’ అంటే 4 చిప్పులు. రెండోది అదే వేగం రాసి ఉన్నా గేముల్లో కొంచెం వెనకబడుతుంది. సర్వర్ల నుంచి వచ్చిన రిజిస్టర్డ్ ఈసీసీ ర్యామ్ చవగ్గా కనిపిస్తుంది, ఇళ్లలో వాడే బోర్డుల్లో అది పనిచేయదు. ల్యాప్‌టాప్ ర్యామ్ పొట్టిది, స్లాటులోనే పట్టదు. బంగారు రంగు కాళ్లను రబ్బరుతో తుడిచి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ రాసి ఆరనిచ్చాకే పెట్టండి. ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 నాలుగు పాసులు (నాలుగుసార్లు పూర్తిగా) నడపండి. ఒక్క తప్పు చూపించినా వెనక్కి ఇచ్చేయండి. ర్యామ్‌లో ‘కొంచెం చెడింది’ అనేది లేదు, ఈరోజు గేమ్ ఆగిపోతుంది, రేపు విండోస్ ఫైళ్లు పాడవుతాయి.

కార్డు విషయంలో ఆర్‌ఎక్స్ 6600 8జీబీ చూడండి. 132 వాట్లు, ఒక్క 8 పిన్ తీగ, 1080పికి సరిపోతుంది. ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ వైపు మాత్రం వెళ్లొద్దు. 4జీబీ మెమరీ, బోర్డుతో కలిపే పీసీఐఈ దారులు (లేన్లు) నాలుగే, పాత పీసీఐఈ 3.0 బోర్డులో బాగా నష్టపోతుంది. ఆర్‌ఎక్స్ 580 పేరుతో 2048ఎస్‌పీ రకం అంటగడతారు, అసలుదానికి 2304 షేడర్లు (బొమ్మ లెక్కలు చేసే చిన్న యూనిట్లు). జీపీయూ-జెడ్ సాఫ్ట్‌వేర్‌లో ఆ అంకె చూడండి. సగం గంట లోడ్ పెట్టి ఫ్యాన్ శబ్దం వినండి. మైనింగ్‌లో నలిగిన కార్డుల్లో ముందు పోయేవి ఫ్యాన్ బేరింగులు, మెమరీ మీది థర్మల్ ప్యాడ్లు.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ సామాను బజారు సీటీసీకి వెళ్లి కొంటే జీఎస్టీ బిల్లు మీద సీరియల్ నంబర్లు రాయించుకోండి. కాజీపేట రైలెక్కాక ‘ఈ ముక్క మాది కాదు’ అంటే చేసేదేమీ ఉండదు. హన్మకొండలో రేటు కాస్త ఎక్కువున్నా, మార్చిచ్చే మనిషి దగ్గరుండటం ఈ కరువులో విలువైనదే.

గోదావరిఖని_గాలి

కరెంటు, ఎండ గురించి ఎవరూ చెప్పలే గనుక నేను చెప్త.

ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్‌దా, సైన్ వేవ్‌దా చూడు. యాక్టివ్ పీఎఫ్‌సీ (కరెంటును సమంగ గుంజే సర్క్యూట్) ఉన్న మంచి పవర్ సప్లై స్క్వేర్ వేవ్ మీద గుయ్యిమని మోగుతది, ఒక్కోసారి బంద్ అయితది. సైన్ వేవ్‌దయినా వెనకాల స్విచ్ ‘యూపీఎస్’ మోడ్‌ల ఉండాలె. కరెంటు పోయినంక పవర్ సప్లై ఆపుకోగలిగేది దాదాపు 16 మిల్లీసెకన్లే, ఇన్వర్టర్ మారేటందుకు అంతకంటే ఎక్కువ పడితే పీసీ రీస్టార్టే. 12400, ఆర్‌ఎక్స్ 6600 కలిసి గేమ్‌ల గోడ దగ్గర 250 నుంచి 300 వాట్లు గుంజుతయి, మానిటర్ వేరే. 600వీఏ యూపీఎస్ అంటే మామూలుగ 360 వాట్లే, సేవ్ చేసి బంద్ పెట్టేంత సేపు వస్తది. 1000వీఏ అయితే నిమ్మళం. పవర్ సప్లై 550 వాట్ల బ్రాంజ్ గ్రేడుది చాలు. ర్యామ్ల పోయిన పైసల్ని పవర్ సప్లైల మిగిలించుకోవాలని చూడకు, అది పోతే పక్కదాన్ని గూడ పట్టుకపోతది. డబ్బా ముట్టుకుంటే జుమ్మంటే ఎర్తింగ్ లేనట్టే, ఎలక్ట్రీషియన్‌ను పిలిచి అది సరిచేయించినంకనే పీసీ పెట్టు.

ఎండాకాలం లెక్క సులువు. గది 25 డిగ్రీలున్నప్పుడు కార్డు 70 చూపిస్తే, గది 38 అయితే 83 దగ్గరికి పోతది. ముందు జాలీ ఉన్న క్యాబినెట్, ముందట రెండు ఫ్యాన్లు లోపలికి, వెనకాల ఒకటి బయటికి. ఫ్రేములు మానిటర్ ఎంత చూపిస్తదో అక్కడికే కట్టెయ్, కార్డు వేడి వెంటనే దిగుతది. మా దిక్కు బొగ్గు దుమ్ము గనుక ఫిల్టర్ వారానికోసారి కడగాలె, వరంగల్‌ల నెలకోసారి సరిపోవచ్చు.

నీళ్ల కూలర్ గాలి సూటిగ పీసీకి తాకనియ్యకు. బోరు నీళ్ల తుంపరలు ఆరినంక ఉప్పు మిగుల్తది, అది బోర్డు మీద కాళ్లను తింటది.

హన్మకొండ_1080పి

మస్తు సమజైంది అన్నలూ. 12400, డీడీఆర్4 బోర్డు, 8జీబీవి రెండు ఖాయం చేస్తున్న. కార్డు తర్వాత. షాపోళ్లతోని కాకుండ నేనే బిగించుకోవాలంటే ఎక్కడ జాగ్రత్త పడాలె?

కాజీపేట_బెంచ్

ముందు సాకెట్, అంటే ప్రాసెసర్ దిగే చోటు. 12400కు వచ్చే ఎల్‌జీఏ 1700 సాకెట్‌ల పిన్నులు బోర్డు మీద ఉంటయి. ప్రాసెసర్‌ను సూటిగ దించు, జరపకు. సాకెట్ మీది నల్ల మూత దాచిపెట్టు, పిన్ను వంగితే వారంటీ ఇయ్యరు, మూత లేకుంటే గూడ అడుగుతరు.

క్యాబినెట్‌ల పెట్టకముందే బోర్డును దాని అట్టడబ్బా మీదనే పెట్టి నడిపి చూడు. కూలర్ నాలుగు కాళ్లు ఎదురెదురు మూలల జతగ నొక్కాలె, బోర్డు వెనుక నాలుగూ సమానంగ బయటికి వచ్చినయా చూడు. ఒక్కటి లేచినా ప్రాసెసర్ నిమిషంల 100 డిగ్రీలకు ఎక్కుతది. 24 పిన్‌తోని పాటు పైమూలకు 8 పిన్ సీపీయూ తీగ గూడ పెట్టాలె, అది మరిస్తే ఫ్యాన్లు తిరుగుతయిగని బొమ్మ రాదు. స్లాట్లు నాలుగుంటే ర్యామ్ రెండో దాంట్ల, నాలుగో దాంట్ల. మొదటిసారి ఆన్ చేస్తే రెండు, మూడుసార్లు దానంతటదే ఆగి లేస్తది, మెమరీని సరిచూసుకుంటున్నట్టు. ఆ నిమిషం స్విచ్ తియ్యకు.

బయాస్‌ల ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ను దాని మీద రాసున్న వేగంల నడిపేది), పీటీటీ, సెక్యూర్ బూట్ ఆన్ చేసి, సీఎస్‌ఎం (పాత తీరు బూట్) ఆఫ్ చేసినంకనే విండోస్ ఎక్కించు, డిస్క్ జీపీటీగ (కొత్త తీరు విభజన) వస్తది. తర్వాత మార్చాలంటే మళ్లీ మొదటినుంచి ఎక్కించాల్సి రావచ్చు. మాడ్యులర్ (తీగలు ఊడదీసుకునే) పవర్ సప్లై అయితే దాని డబ్బాల వచ్చిన తీగలే వాడు. పాతదాని తీగ అచ్చు గుద్దినట్టు పట్టినా లోపల పిన్నుల వరుస వేరేది ఉండొచ్చు, ఎస్‌ఎస్‌డీ కాలిపోతది.

కార్డు వచ్చిన రోజు హెచ్‌డీఎంఐ తీగను బోర్డు నుంచి తీసి కార్డుకే పెట్టు. అట్లనే ఉంచితే గేమ్ యూహెచ్‌డీ 730 మీదనే నడవొచ్చు, కార్డు ఖరాబని వాపస్ చేసేటోళ్లు ఉన్నరు.