బయటివాడు వింతవాడు ఎందుకయ్యాడు? లాటిన్ మాట మీద ఒక చర్చ

చదువరి:
ఫ్రెంచిలో విదేశీయుడు ‘ఎత్రాంజే’, వింతైనది ‘ఎత్రాంజ్’. ఇటాలియన్‌లో ‘స్త్రానియెరో’, ‘స్త్రానో’. ఇంగ్లీషులో ‘స్ట్రేంజర్’, ‘స్ట్రేంజ్’. వీటన్నిటికీ మూలం ‘ఎక్స్‌ట్రానేయుస్’ అనే లాటిన్ మాట. బయటివాణ్ణి అనుమానంగా చూడడం ఐరోపా భాషల పుట్టుకలోనే ఉందని నా వాదన.

భాషాభిమాని:
చదువరి గారూ, మీరు చూపిన జంటలు నిజమే గాని, మీ నిర్ణయంతో నేను ఏకీభవించలేను. ‘ఎక్స్‌ట్రా’ అంటే వెలుపల. ‘ఎక్స్‌ట్రానేయుస్’ అంటే వెలుపలివాడు, అంతే. రోమన్ న్యాయశాస్త్రంలో, వీలునామా రాసిన ఇంటిపెద్ద అధికారం కింద లేని వారసుణ్ణి కూడా ఈ మాటతోనే పిలిచేవారు. ఆస్తి అప్పగించదలచిన మనిషిని అనుమానంతో అలా పిలిచారని అనుకోలేము.

పైగా మీ సాక్షులు వేర్వేరు సాక్షులు కారు. పాత ఫ్రెంచిలోని ‘ఎస్త్రాంజియెర్’ అనే రూపమే ఇటాలియన్‌కు, స్పానిష్‌కు, ఇంగ్లీషుకు అరువు వెళ్లింది. స్పానిష్ వారు దాన్ని ‘ఎక్స్‌త్రాన్ఖేరో’గా మార్చుకుని పరాయి దేశస్థుడికి కేటాయించారు, పక్క ఊరి నుంచి వచ్చినవాడికి ‘ఫొరాస్తేరో’ అని మరో మాట ఉంది. ఈ రెండో మాటకు మూలం ‘ఫోరిస్’, అంటే తలుపు అవతల. మన ‘ద్వారం’ కూడా ఆ ధాతువుకు దూరపు చుట్టమే. ఇంగ్లీషు ‘ఫారిన్’ పుట్టింది ఆ మూలం నుంచే. అదే మాట మన ఇళ్లలోకి వచ్చి ‘ఫారిన్ సరుకు’, ‘ఫారిన్ సంబంధం’ అని గొప్పను చాటుతోంది కదా! అనుమానం మూలంలోనే ఉంటే ఆ మాట ఇక్కడికి వచ్చి ఇంత మన్నన ఎలా పొందింది?

ఇంకొకటి. పాత తెలుగులో ‘వింతవాడు’ అంటే కొత్తవాడు, పరాయివాడు. లాటిన్ ప్రమేయం లేకుండానే మనమూ ఆ రెండు భావాలను ఒకే మాటలో ఉంచాము.

చదువరి:
అరువు సంగతి నేను గమనించలేదు; ఇది ఐరోపాకే ప్రత్యేకమన్న మాటను వెనక్కి తీసుకుంటున్నాను. అయితే మీ ‘వింతవాడు’ నా వాదనను కూల్చకపోగా విస్తరింపజేస్తున్నాడు. మూలంలో చోటు మాత్రమే ఉందని ఒప్పుకుంటాను. కాని ‘ఎత్రాంజ్’లోనూ ‘స్త్రానో’లోనూ ఆ చోటు గుణంగా మారింది, అది అరువు కాదు, ఆయా భాషలకు వారసత్వంగా వచ్చిన రూపాల్లోనే జరిగిన మార్పు. వెలుపల ఉన్నవాడు దానికి ఏ కారణమూ ఇవ్వలేదు; ఆ మార్పు చేసినది లోపల ఉన్నవారే.