రెండో ఏడాది డబ్బు ఇప్పుడే డాలర్లు చేసేయాలా, సెమిస్టర్‌కి సెమిస్టర్ పంపాలా? అమెరికా ఎం.ఎస్. పిల్లల కోసం చర్చ

గోదారి గట్టు

ఆగస్టులో ఫాల్ సెమిస్టర్‌కి వెళ్లే పిల్లల ఇళ్లలో ఇదే తర్జనభర్జన. 2025 డిసెంబరులో డాలరు 90 దాటాక మరీ ఎక్కువైంది. "రెండేళ్ల డబ్బూ ఇప్పుడే పంపేద్దాం" అని ఒక పక్షం, "ఏ సెమిస్టర్‌ది ఆ సెమిస్టర్‌కే" అని ఇంకో పక్షం. నేను మొదటి పక్షం.

మాట గాల్లో ఉండకుండా ఒక లెక్క పెడతాను, అందరం దాని మీదే మాట్లాడదాం. ఏడాదికి ట్యూషన్ 22,000 డాలర్లు, ఖర్చులు నెలకి 1,200 చొప్పున 14,400. మొత్తం 36,400. డాలరు 90 అనుకుంటే ఏడాదికి 32.76 లక్షలు, రెండేళ్లకి 65.5 లక్షలు. ఇందులో 50 లక్షలు 10.5 శాతం లోను, మిగతా 15.5 లక్షలు నాన్నగారి ఫిక్స్‌డ్ డిపాజిట్లు.

2021 ఆగస్టులో డాలరు 74 దగ్గర ఉంది. 2022 అక్టోబరుకి 83 తాకింది. పద్నాలుగు నెలల్లో తొమ్మిది రూపాయలు. పై లెక్కలో రెండో ఏడాది డబ్బు మీద అది 3.28 లక్షల దెబ్బ. ముందే మార్చుకున్నవాళ్లకి ఆ దెబ్బ తగలలేదు. అంతకన్నా రుజువు ఏం కావాలి?

లోన్ డెస్క్

రుజువు సగమే చూపించారు. 2013 ఆగస్టు చివర్లో డాలరు 68 దాటింది. "ఇక 75కి పోతుంది" అని ఆ వారం హడావిడిగా మార్చినవాళ్లున్నారు. రెండు నెలలకి అది 61, 62 దగ్గరికి దిగింది. భయం పుట్టిన రోజునే మార్చడం మహా ఖరీదైన పని.

అది పక్కన పెట్టి, మీ లెక్కనే చూద్దాం. రెండో ఏడాదికి కావాల్సిన 32.76 లక్షలు ఏడాది ముందే లోనులోంచి తీస్తే 10.5 శాతం చొప్పున అదనపు వడ్డీ 3.44 లక్షలు. ఆ డాలర్లు అమెరికాలో 3.5 శాతం సేవింగ్స్‌లో పెట్టారనుకుందాం. వచ్చేది 1,274 డాలర్లు, అంటే 1.15 లక్షలు. నికరంగా చేతినుంచి పోయేది 2.29 లక్షలు. 36,400 డాలర్లకి పంచితే డాలరుకి 6.30 రూపాయలు. అంటే వచ్చే ఏడాది ఆగస్టుకి డాలరు 96.30 దాటితేనే మీరు గెలిచినట్టు. జనవరిలో మొదలయ్యే స్ప్రింగ్ సెమిస్టర్ వాటాకైతే పదిహేడు నెలల వడ్డీ పడుతుంది కాబట్టి ఆ గీత దాదాపు 99.

ఆ 3.5 శాతం కూడా మొదటి నెలల్లో దొరకదు. మంచి వడ్డీ ఇచ్చే ఆన్‌లైన్ బ్యాంకుల్లో చాలావాటికి ఎస్‌ఎస్‌ఎన్ (అమెరికా ప్రభుత్వం ఇచ్చే సోషల్ సెక్యూరిటీ నంబరు) కావాలి. క్యాంపస్‌లో ఉద్యోగం ఖాయమైతే తప్ప ఎఫ్-1 (చదువు వీసా) విద్యార్థికి మొదట్లో అది రాదు. బ్రాంచికెళ్లి పాస్‌పోర్టు, ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే అడ్మిషన్ పత్రం) చూపించి తెరిచే స్టూడెంట్ ఖాతాలో వడ్డీ దాదాపు సున్నా. సున్నా అనుకుని మళ్లీ లెక్కేస్తే డాలరు 99.45కి వెళ్లాలి. 2005 నుంచి 2025 వరకు డాలరు 44 దగ్గర్నుంచి 86 చుట్టుపక్కలకి వచ్చింది, అంటే ఏడాదికి సగటున మూడున్నర శాతం లోపే. మీ పందెం గెలవాలంటే దానికి రెట్టింపు కన్నా ఎక్కువ పడాలి.

సిద్దిపేట

అన్నా, అసలు గవర్నమెంటు బ్యాంకు లోనుల ఈ ప్రశ్ననే రాదు. ట్యూషన్ పైసలు యూనివర్సిటీ ఇన్‌వాయిస్ వచ్చినంక సెమిస్టర్‌కి సెమిస్టర్ నేరుగ యూనివర్సిటీకే పంపుతరు. రెండో ఏడాది ఫీజు ఇప్పుడే ఇయ్యమంటే ఇయ్యరు. చేతికొచ్చేది ఖర్చుల పైసలే. కొన్ని ప్రైవేటు ఫైనాన్స్ కంపెనీలు అడిగితె ఇస్తయి గని, అక్కడ చదువు నడుస్తుంటెనే నెలనెల వడ్డీ కట్టుమంటరు. ముందు తీసుకుంటె మరుసటి నెల నుంచే నాయిన మీద బరువు పడ్తది.

డాలరు పెరుగుతదని భయముంటె దానికి మందు వేరే ఉన్నది. శాంక్షన్ (బ్యాంకు మంజూరు చేసే లోను మొత్తం) ఎక్కువ చేయించుకోవాలె. శాంక్షన్ రూపాయల్ల ఉంటది. 50 లక్షలంటె 50 లక్షలే, డాలరు ఎంతకు పోయినా బ్యాంకు దాన్ని తనంతట తాను పెంచదు. కోర్సు నడుమ పెంచుమంటె మళ్ల కాగితాలు, మళ్ల ప్రాపర్టీ వాల్యుయేషన్, అంతల ఫీజు గడువు దాటిపోతది. అందుకే అప్లికేషన్ల ఖర్చు 90 కాడ కాదు, 97 కాడ వేయాలె. 72,800 డాలర్లకు అది 70.6 లక్షలు. అంటె 5 లక్షల పైచిలుకు ఆసరా. తీసుకోని పైసలకు వడ్డీ పడదు. ప్రాసెసింగ్ ఫీజుల, తాకట్టు విలువల మాత్రం కొంచెం తేడా వస్తది, అది ముందే అడుగుండ్రి.

గోదారి గట్టు

శాంక్షన్ పెంచుకోమన్న సలహా బాగుంది, ఒప్పుకుంటున్నాను. కానీ ఆ 15.5 లక్షల సొంత డబ్బు మాటేమిటి? దానికి 10.5 శాతం వడ్డీ లేదు కదా. ఎఫ్‌డీ మీద 7 శాతం, ఇరవై శాతం పన్ను పోతే చేతికి 5.6. అక్కడ ఏమీ రాకపోయినా డాలరుకి పోయేది అయిదు రూపాయలే, 3.5 శాతం వస్తే రెండు రూపాయలే. సగటున డాలరు పెరిగేదీ ఏడాదికి దాదాపు మూడు రూపాయలు. కనీసం ఆ డబ్బు ముందే పంపడంలో తప్పేముంది?

లోన్ డెస్క్

తప్పు లేదు, నేనూ అదే చెబుతాను. కానీ దాన్ని డాలర్లలో దాచడానికి కాదు, మొదటి సెమిస్టర్ ఖర్చుకి వాడడానికి. సొంత డబ్బు ముందు వాడి, లోను ఆలస్యంగా తీస్తే, ఆలస్యమైనంత కాలం వడ్డీ 10.5 శాతం మిగులుతుంది. ఎఫ్‌డీలో పోయేది 5.6. దాదాపు అయిదు శాతం ఖాయమైన లాభం, డాలరు ఎటు పోయినా సరే.

వరస మాత్రం తప్పకూడదు. ముందు శాంక్షన్ లెటరు చేతికి రావాలి, తర్వాతే సొంత డబ్బు కట్టాలి. ముందు ఫీజు కట్టేసి తర్వాత లోనుకి వెళితే, కట్టేసిన ఫీజుని బ్యాంకు తిరిగి ఇస్తుందన్న హామీ లేదు. ఇంకోటి మార్జిన్ మనీ. విదేశీ చదువు లోన్లలో 15 శాతం వరకు మీ వాటా ఉంటుంది. ప్రతి విడతలోనూ ఆ వాటా కట్టమంటారా, మొదట్లోనే కట్టేస్తే సరిపెడతారా అన్నది శాంక్షన్ లెటరులో చూసుకోవాలి. విడతకింత అని ఉంటే సొంత డబ్బంతా మొదటి సెమిస్టర్‌లోనే అయిపోకుండా, రాబోయే మూడు విడతల వాటా పక్కన ఉంచాలి.

ఆడిటర్ 9

సొంత డబ్బు ముందు పంపమనే మాటలో ఒక గోతి ఉంది, టీసీఎస్, అంటే డబ్బు పంపేటప్పుడే బ్యాంకు ముందుగా పట్టుకునే పన్ను. 2025 ఏప్రిల్ 1 నుంచి ఒక మనిషి ఒక ఆర్థిక సంవత్సరంలో 10 లక్షలు దాటి పంపితే, దాటిన దాని మీద బ్యాంకు టీసీఎస్ పట్టుకుంటుంది. 2025-26లో చదువుకైతే అది 5 శాతం ఉండేది. నాన్నగారు 15.5 లక్షలూ తన పాన్ మీదే పంపితే ఆ రేటుకి 5.5 లక్షల మీద 27,500. రిటర్నులో తిరిగి వస్తుంది, అందాకా డబ్బు ఇరుక్కుంటుంది. 10 లక్షలన్నది ఒక్కో బ్యాంకుకి కాదు, అన్ని బ్యాంకులూ కలిపి ఒక పాన్‌కి. అమ్మగారి పేరిట కూడా సొంత పొదుపు ఉంటే ఆమె పాన్ మీద ఇంకో 10 లక్షల వరకు వెసులుబాటు ఉంటుంది.

1961 ఆదాయపు పన్ను చట్టం 80ఇ సెక్షన్ (చదువు లోను వడ్డీకి మినహాయింపు) కిందకి వచ్చే సంస్థ నుంచి తీసుకున్న లోను డబ్బుకైతే అసలు టీసీఎస్ లేదు. పొరపాటు ఎక్కడ జరుగుతుందంటే, లోను ఒక బ్యాంకులో, రేటు బాగుందని పంపేది ఇంకో బ్యాంకు నుంచి. రెండో బ్యాంకుకి అది మామూలు సొంత డబ్బులాగే కనిపిస్తుంది, పట్టేస్తుంది. శాంక్షన్ లెటరు, లోను ఖాతా స్టేట్‌మెంటు ముందే ఇచ్చి, ఏ2 ఫారంలో (విదేశానికి డబ్బు పంపే దరఖాస్తు) పర్పస్ కోడ్ ఎస్0305 వేయించాలి. అది చదువుకి సంబంధించిన కోడ్. కుటుంబ పోషణ కింద ఎస్1301 పడితే చదువు రేటు వర్తించదు, 10 లక్షలు దాటిన దానిమీద 20 శాతం.

ఇంకో విషయం చాలామంది దగ్గర వినను కూడా వినం. చదువుకి వెళ్లినవాళ్లని ఫెమా (విదేశీ మారకపు చట్టం) కింద ఎన్నారైలుగా లెక్కించాలని రిజర్వ్ బ్యాంకు 2003లోనే చెప్పింది. ఏడాదికి 2,50,000 డాలర్ల వరకు బయటికి పంపుకోనిచ్చే ఎల్‌ఆర్‌ఎస్ పథకం ఇక్కడ నివాసముండేవాళ్లకే. కాబట్టి పిల్ల విమానం ఎక్కాక, ఇక్కడి తన సేవింగ్స్ ఖాతాలోంచి తనే ఆన్‌లైన్‌లో పంపుకోవడం సరైన దారి కాదు. ఆ ఖాతాని ఎన్నార్వోగా (ఎన్నారైలకి ఇక్కడ ఉండే రూపాయి ఖాతా) మార్పించాలి. ఖర్చుల వాటా తల్లిదండ్రుల ఖాతాలోంచి వాళ్ల ఎల్‌ఆర్‌ఎస్ కింద వెళ్లాలి. లోను తీసుకునేటప్పుడే, ఖర్చుల డబ్బు సహ రుణగ్రహీత ఖాతాలో పడేలా రాయించండి.

డల్లాస్ తెలుగు

ఇంత తతంగం ఎందుకండీ? ఇక్కడ జీతం వచ్చేవాళ్లు ఇంటికి రూపాయలు పంపాలి, పిల్లలకి డాలర్లు కావాలి. జీతం వచ్చేవాళ్ల అమ్మానాన్నల ఖాతాలో పిల్లల ఇంటివాళ్లు రూపాయలు వేస్తే, జీతం వచ్చేవాళ్లు ఇక్కడ పిల్లల ఖాతాకి డాలర్లు కొడతారు. గూగుల్ రేటే, బ్యాంకు తన లాభంగా రేటు మీద వేసుకునే మార్జిన్ ఉండదు. ప్రతి ఊరి వాట్సాప్ గ్రూపులో జరిగేదే కదా.

ఆడిటర్ 9

జరుగుతోంది కాబట్టే గట్టిగా చెప్పాలి, చేయకండి. విదేశీ మారకం అధీకృత డీలరు ద్వారానే జరగాలి. ఇలా మార్చుకోవడం ఫెమా మూడో సెక్షన్‌కి విరుద్ధం, మొత్తానికి మూడు రెట్ల వరకు జరిమానా పడొచ్చు. ఇచ్చింది తెలిసినవాళ్లేనా అన్నది కాదు ప్రశ్న, వాళ్లకి ఆ డబ్బు ఎక్కణ్నుంచి వచ్చింది అన్నది. సైబర్ మోసం జరిగి 1930కి (సైబర్ నేరాల హెల్ప్‌లైన్) ఫిర్యాదు వెళితే, ఆ డబ్బు నడిచిన గొలుసులోని ఖాతాలు ఆగిపోవచ్చు. అటువైపు, ఊరూపేరూ తెలియనివాళ్ల నుంచి తరచూ డబ్బు పడే విద్యార్థి ఖాతాని అమెరికా బ్యాంకు కారణం చెప్పకుండా మూసేయవచ్చు. అద్దె కట్టాల్సిన వారంలో ఖాతా మూతపడితే ఆ పిల్లాడు ఏం చేస్తాడు?

మార్జిన్ తగ్గించుకోవడానికి చట్టబద్ధమైన దారి ఉంది, బేరం. బ్రాంచికెళ్లి "ఈ నిమిషం ఇంటర్‌బ్యాంక్ రేటు మీద ఎన్ని పైసలు వేస్తున్నారు" అని అడగండి. కార్డు రేటు (ఆ రోజుకి బ్యాంకు ముందే ప్రకటించే రేటు) చెబితే ఒప్పుకోకండి, ట్రెజరీ రేటు (ఆ నిమిషపు మార్కెట్‌ని బట్టి ఇచ్చేది) అడగండి. ఒక్క రూపాయి తగ్గినా 18,000 డాలర్లకి 18,000 రూపాయలు.

సిద్దిపేట

గోదారి గట్టు గారూ, ఇంకో లెక్క మీ మాటల రాలేదు. లోను రూపాయల్ల ఉన్నది. పిల్లగాడు చదువయినంక ఓపీటీ (విద్యార్థి వీసా మీద దొరికే పని పర్మిషన్) మీద అక్కడనే కొలువు చేసి డాలర్లతోటి కడితె, రూపాయి పడుడు వానికి లాభమే. ఫీజుల పోయింది కిస్తీల వస్తది. తిరిగి ఇక్కడికొచ్చి రూపాయి జీతంతోటి కట్టేటోనికే రెండు దిక్కులా దెబ్బ. ఎవరు ఎటు పోతరో ఇప్పుడే ఎవరికీ తెల్వదు గనుక, దొరికినంత లోను తీసి డాలర్లల పెట్టుడు ఇంకింత పెద్ద పందెం అయితది.

గట్లనే, రెండో ఏడాది ఖర్చు "పార్ట్ టైం చేసి కడ్తడు" అని రాసుకోకుండ్రి. క్యాంపస్ల సెమిస్టర్ నడుస్తున్నప్పుడు వారానికి 20 గంటలే. బయట పెట్రోల్ బంకులల్ల, హోటళ్లల్ల పని చేసుడంటె స్టేటస్ పోగొట్టుకునుడే. చేతికి నగదు ఇస్తరన్న మాట నమ్మి బడ్జెట్ వేస్తె వీసానే పందెంల పెట్టినట్టు.

గోదారి గట్టు

సరే, లోను డబ్బు విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. సొంత డబ్బు ముందు, లోను తర్వాత. కానీ ఒక్కటి వదులుకోను. సెమిస్టర్‌కి సెమిస్టర్ అంటే ఫీజు గడువుకి రెండ్రోజుల ముందు పరిగెత్తడం కాకూడదు. ఆ రోజు రేటు ఎంతుంటే అంతకి కొనాల్సి వస్తుంది. ఖర్చుల డబ్బు నాలుగు నెలల్లో నాలుగు ముక్కలుగా కొంటే ఏ ఒక్క రోజు రేటుకో బలికాము. చార్జీలు పెరుగుతాయంటారా?

లోన్ డెస్క్

ఇది నాకూ సమ్మతమే. చార్జీలు చూద్దాం. మార్పిడి మీద జీఎస్టీ వేసే విలువ, లక్ష నుంచి 10 లక్షల దాకా అయితే వెయ్యి ప్లస్ లక్ష దాటిన దానిపై అర శాతం, 10 లక్షలు దాటితే 5,500 ప్లస్ దాటిన దానిపై 0.1 శాతం. దాని మీద 18 శాతం. 16 లక్షలు ఒకేసారి మార్చితే 1,098 రూపాయలు. నాలుగు లక్షల చొప్పున నాలుగుసార్లు అయితే 1,800. తేడా 702 రూపాయలు. ఇక ప్రతిసారీ పడే స్విఫ్ట్ (విదేశానికి పంపే) చార్జీ బ్యాంకుని బట్టి. నెలకోసారి మించి ముక్కలు చేయకండి, అంతకు మించితే ఆ చార్జీయే తినేస్తుంది.

ట్యూషన్‌ని మాత్రం ముక్కలు చేయొద్దు, ఇన్‌వాయిస్‌కి ఒకటే పంపండి. పంపేటప్పుడు చార్జీలు "అవర్" (అన్నీ మనమే కట్టేది) అని ఎంచుకోవాలి. "షేర్డ్" అయితే మధ్యలో ఉన్న బ్యాంకు 15 నుంచి 30 డాలర్లు కోసుకుంటుంది. యూనివర్సిటీ ఖాతాలో ఆ కాస్త బాకీ మిగిలి, తర్వాతి సెమిస్టర్ రిజిస్ట్రేషన్‌కి హోల్డ్ పడుతుంది. 20 డాలర్ల కోసం క్లాసులో సీటు పోయే పరిస్థితి. రిమార్క్స్‌లో విద్యార్థి ఐడీ నంబరు ఉండాలి, లేకపోతే డబ్బు ఎవరిదో తెలియక అక్కడే పడి ఉంటుంది.

డల్లాస్ తెలుగు

గ్రూపుల్లో మార్పిడి గురించి నేనన్నది వెనక్కి తీసుకుంటున్నాను, ఖాతాలు ఆగిపోయే సంగతి నేను ఆలోచించలేదు. దిగాక కావాల్సినవి చెబుతాను.

నోట్ల రూపంలో ఒక ప్రయాణానికి 3,000 డాలర్ల వరకే కొనుక్కోవచ్చు. అంత అక్కర్లేదు, 500 నుంచి 800 చాలు. ఫారెక్స్ కార్డులో 2,500 వేయండి, మొదటి నెలన్నర గడుస్తుంది. అపార్ట్‌మెంట్ వాళ్లు మొదటి నెల అద్దె, డిపాజిట్ కలిపి క్యాషియర్స్ చెక్కుగానో (బ్యాంకే రాసిచ్చే చెక్కు), బ్యాంకు ఖాతా నుంచో అడుగుతారు. ఫారెక్స్ కార్డు చాలాచోట్ల తీసుకోరు. అందుకే మొదటి వారంలోనే ఖాతా తెరవాలి. తెరిచిన రోజే, బయటి దేశం నుంచి డబ్బు రావడానికి వాడే వైర్ రౌటింగ్ నంబరు ఏదో అడిగి రాసుకోవాలి. చాలా బ్యాంకుల్లో చెక్కు మీద ఉండే నంబరు వేరు, వైర్ నంబరు వేరు. తప్పు నంబరు ఇంటికి పంపితే డబ్బు వెనక్కి పోతుంది, వారం పోతుంది.

ఖాతా తెరిచేటప్పుడు డబ్ల్యూ-9 (అమెరికా పన్ను రెసిడెంట్లు ఇచ్చే ఫారం) సంతకం పెట్టమంటే ఆగండి. కొత్తగా వచ్చిన ఎఫ్-1 విద్యార్థి పన్నుల లెక్కలో నాన్ రెసిడెంట్, ఇవ్వాల్సింది డబ్ల్యూ-8బెన్. బ్యాంకు డిపాజిట్ వడ్డీకి నాన్ రెసిడెంట్లకి అక్కడ పన్ను లేదు. క్యాంపస్ జీతం మొదటి పే స్టబ్‌లో సోషల్ సెక్యూరిటీ 6.2 శాతం, మెడికేర్ 1.45 శాతం కోసి ఉంటే వెంటనే పేరోల్ ఆఫీసుకి వెళ్లండి. మొదటి అయిదు క్యాలెండర్ సంవత్సరాలు ఎఫ్-1 విద్యార్థులకి అవి వర్తించవు.

గోదారి గట్టు

మొదటి టపాలోని కేసుకి తేలిన వరస రాస్తున్నాను, తప్పుంటే దిద్దండి. శాంక్షన్ 97 రేటుకి. లోను విడతల మార్జిన్ వాటా పక్కన పెట్టి, మిగతా సొంత డబ్బు ఫాల్ ఫీజుకి, అమ్మ, నాన్న పాన్‌ల మీద విడివిడిగా. స్ప్రింగ్ నుంచి లోను. ఖర్చులు నెలకో ముక్క, నాన్న ఖాతా నుంచి, ఎస్0305 కింద.

ఆడిటర్ 9

ఒక్కటి చేర్చండి. టీసీఎస్ పడితే, ఆ మార్చిలోపు పాన్ మీద పడిన పన్నుల స్టేట్‌మెంటులో (26ఏఎస్) కనిపిస్తోందో లేదో చూసుకోమనండి. బ్యాంకు పాన్ తప్పు వేసి ఉంటే అప్పుడే దిద్దించడం తేలిక.