సెల్ఫ్ తిరుగుతోంది కానీ బండి స్టార్ట్ కావట్లేదు: పార్టులు మార్చుకుంటూ పోవాలా, ముందు చెక్ చేయాలా?

దేవరకొండ_టీచర్:
మాది 2007 మోడల్ శాంట్రో, పెట్రోల్. పొద్దున ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది. నల్లగొండ దాకా పోయి, ఎండలో కాసేపు ఆపి మళ్లీ కీ తిప్పితే సెల్ఫ్ గట్టిగానే తిరుగుతుంది, ఇంజిన్ మాత్రం అందుకోదు. గంటో గంటన్నరో చల్లారనిస్తే ఏమీ జరగనట్టు స్టార్ట్ అవుతుంది. ఒక మెకానిక్‌కు చూపిస్తే పెట్రోల్ పంపు పోయిందని కొత్తది వేసి, లేబర్‌తో కలిపి నాలుగున్నర వేలు తీసుకున్నాడు. వారం తిరక్కముందే మళ్లీ అదే తంతు. ఇప్పుడు ప్లగ్‌లకు కరెంటు ఇచ్చే ఇగ్నిషన్ కాయిల్ మార్చాలంటున్నాడు. ఏది పోయిందో తేల్చకుండా ఇట్లా ఒక్కొక్కటి మార్చుకుంటూ పోవడం పద్ధతేనా? కాకపోతే నేను ముందు ఏం చూడాలి?

జడ్చర్ల_పిలగాడు:
బ్యాటరీ చూడండి సార్. సగం బండ్లకు అదే.

మిర్యాలగూడ_ఆటోఎలక్ట్రిక్:
బ్యాటరీ దిగితే సెల్ఫ్ ఈడ్చుకుంటూ తిరుగుతుంది తమ్మీ. సార్ గట్టిగా తిరుగుతోందంటున్నారు. అనుమానముంటే సెల్ఫ్ కొట్టేటప్పుడు మీటర్ పెట్టి చూడొచ్చు, తొమ్మిదిన్నర వోల్టుల కంటే కిందికి పడిపోతుంటే అప్పుడు బ్యాటరీ సంగతి మాట్లాడుకుందాం.

టీచర్ సార్, పెట్రోల్ ఇంజిన్ అందుకోవాలంటే పెట్రోల్ రావాలి, కరెంటు రావాలి, కంప్రెషన్ ఉండాలి, ఇవన్నీ సరైన టైమింగ్‌లో కలవాలి. చల్లారితే స్టార్ట్ అవుతోందంటే టైమింగ్ బెల్ట్ తెగలేదు, కంప్రెషన్ కూడా మరీ పోలేదు. మిగిలినవి పెట్రోల్, కరెంటు. ఈ రెండింటిలో ఏది రావట్లేదో చూడటానికి ఏ పార్టూ కొనక్కర్లేదు. బండి మొరాయించినప్పుడే, చల్లారకముందే చూడాలి. కీ ఆన్ చేసి సెల్ఫ్ కొట్టకుండా వెనక సీటు దగ్గర చెవి పెట్టండి, రెండు సెకన్లు పంపు గుయ్‌మని ఆగాలి. తర్వాత ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమని, తిరుగుతున్నంతసేపు ఆ శబ్దం ఉందో లేదో వినండి. స్పార్క్ కోసం స్పేర్ ప్లగ్ ఒకటి వైర్‌కు తగిలించి, దాని ఇనుప భాగాన్ని ఇంజిన్‌కు గట్టిగా ఆనించి, సెల్ఫ్ కొట్టినప్పుడు నిప్పురవ్వ పడుతుందో లేదో చూడండి. చేత్తో పట్టుకోవద్దు, దగ్గర్లో పెట్రోల్ తడి ఉండకూడదు.

హాలియా_బత్తాయి:
ఇంత రామాయణం అక్కర్లేదు. ఈ20 పెట్రోల్ సార్. మీ బండి 2007ది. 20 శాతం ఇథనాల్‌ను తట్టుకునే రబ్బరు, సీళ్లు 2023 ఏప్రిల్ నుంచి వచ్చిన బండ్లకే. మా తోటలో పవర్ స్ప్రేయర్ ఉంది, సీజన్ అయ్యాక ట్యాంకులో పెట్రోల్ వదిలేసి పెడితే కార్బురేటర్‌లో డయాఫ్రమ్ బిర్రుగా ఎండిన తోలులాగ తయారైంది. అంతకుముందు ఎన్నేళ్లు వాడినా అట్లా కాలేదు. మీరు చివరిసారి పెట్రోల్ ఎక్కడ పోయించారు?

దేవరకొండ_టీచర్:
నార్కట్‌పల్లి రోడ్డులో ఒక బంకులో. కానీ అంతకుముందు నుంచే ఈ సమస్య ఉందండి.

హాలియా_బత్తాయి:
అంతకుముందు పోయించింది మాత్రం ఏ పెట్రోల్? అన్ని బంకుల్లోనూ అదే కదా.

మిర్యాలగూడ_ఆటోఎలక్ట్రిక్:
అన్నా, మీ స్ప్రేయర్ బాధ నిజమే, పాత రబ్బర్లకు ఇథనాల్ మంచిది కాదని నేనూ ఒప్పుకుంటా. కానీ ఇక్కడ లక్షణం చూడండి. అదే పెట్రోల్‌తో పొద్దున ఒక్క సెల్ఫ్‌కు అందుకుంటోంది. పెట్రోల్‌లో నీళ్లుంటే పొద్దున ఇంకా ఎక్కువ సతాయించాలి, ఎందుకంటే రాత్రంతా నిలిచి నీళ్లు అడుగుకు చేరతాయి, పంపు లాగేది అక్కడి నుంచే.

పాలమూరు_అంబాసిడర్:
నేను మహబూబ్‌నగర్ నుంచి హైదరాబాద్‌కు ట్యాక్సీ నడిపినవాణ్ని. ఎండాకాలం షాద్‌నగర్ దాటేసరికి అంబాసిడర్ ఇట్లాగే ఆగిపోయేది. పెట్రోల్ పైపులోనే ఆవిరై పంపుకు అందకపోయేది. ఏసీ పంపు (దాని పెట్రోల్ పంపును అట్లా అనేవాళ్లం) మీద తడి గుడ్డ చుట్టి నీళ్లు పోస్తే ఐదు నిమిషాల్లో స్టార్ట్. టీచర్ గారిది కూడా అదే అనుకుంటున్నా.

మిర్యాలగూడ_ఆటోఎలక్ట్రిక్:
పెద్దాయనా, అంబాసిడర్‌కు మీరు చెప్పింది నూటికి నూరు పాళ్లు కరెక్టు. అందులో పంపు ఇంజిన్‌కే అతుక్కుని ఉండి, పెట్రోల్‌ను లాగేది. లాగుడు వల్ల, వేడి వల్ల ఆవిరి పట్టేది. శాంట్రోలో పంపు ట్యాంకు లోపల పెట్రోల్‌లోనే మునిగి ఉంటుంది, లైన్‌లోకి ప్రెషర్‌తో తోస్తుంది. ప్రెషర్ ఉన్న లైన్‌లో ఆవిరి అంత తేలిగ్గా పట్టదు. కానీ మీ తడి గుడ్డ ఇక్కడా పనికొస్తుంది, వేరే చోట. అది తర్వాత చెప్తా.

అచ్చంపేట_బొలెరో:
మాకూ ఇట్లాగే అయితే డీజిల్ ఫిల్టర్ మార్చినప్పుడు ఎయిర్ పట్టిందని తేలింది. హ్యాండ్ పంపు కొట్టి గాలి తీస్తే సెట్ అయింది.

నల్లగొండ_గ్యారేజ్:
అది డీజిల్ సంగతి, దీంట్లో కలపకండి.

ఇక అసలు విషయానికొస్తే, ఆ మెకానిక్ పంపు మార్చాడని అందరూ వాణ్ని దొంగను చేస్తున్నారు. పద్దెనిమిది, పందొమ్మిదేళ్ల బండి. వేడెక్కితే పంపు మోటార్ ఆగిపోవడం, చల్లారితే తిరగడం నేను కళ్లారా చూశాను. సెల్ఫ్ కొట్టినప్పుడు పంపు శబ్దం వచ్చి ఉండదు, వాడు పంపు మార్చాడు. అందులో తప్పేముంది?

మిర్యాలగూడ_ఆటోఎలక్ట్రిక్:
తప్పు అక్కడే ఉంది అన్నా. ఇంజిన్ తిరుగుతోందని ఈసీయూకు, అంటే ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్‌కు, చెప్పేది క్రాంక్ సెన్సర్. ఆ సిగ్నల్ రాకపోతే సెల్ఫ్ ఎంత కొట్టినా ఇంజిన్ ఆగి ఉన్నట్టే దానికి లెక్క. అప్పుడు స్పార్క్ ఇవ్వదు, ఇంజెక్టర్ తెరవదు, పంపుకు కరెంటు ఇచ్చే రిలేను కూడా కట్ చేస్తుంది. యాక్సిడెంట్‌లో ఇంజిన్ ఆగిపోతే పెట్రోల్ కారకుండా ఈ ఏర్పాటు. అంటే పంపు మంచిగానే ఉన్నా సెల్ఫ్ కొట్టినప్పుడు తిరగదు. అందుకే కీ ఆన్ చేయగానే వచ్చే రెండు సెకన్ల శబ్దం ముఖ్యం. ఆ రెండు సెకన్లు తిరిగి, సెల్ఫ్ కొట్టినప్పుడు తిరగలేదంటే ముందు పంపును కాదు, సెన్సర్‌ను అనుమానించాలి. వేడికి లోపలి వైండింగ్ తెగినట్టయి, చల్లారితే కలవడం ఈ సెన్సర్లకు మామూలే.

పెద్దాయన తడి గుడ్డ ఇక్కడ వేయాలి. మోడల్‌ను బట్టి సెన్సర్ గేర్‌బాక్స్ వైపో, క్రాంక్ పుల్లీ వైపో ఉంటుంది. దాన్ని మాత్రమే చల్లబరచి, మిగతా ఇంజిన్ వేడిగా ఉండగానే స్టార్ట్ అయితే దాదాపు తేలిపోయినట్టే.

గద్వాల_సంతోష్:
స్కానర్ పెడితే ఏది పోయిందో కోడ్ వస్తుంది కదా?

మిర్యాలగూడ_ఆటోఎలక్ట్రిక్:
వస్తే మంచిదే. కానీ ఆ కాలం బండ్లకు ఆన్‌లైన్‌లో దొరికే చీప్ బ్లూటూత్ స్కానర్ కనెక్ట్ కాకపోవచ్చు. మన దగ్గర ఓబీడీ (స్కానర్‌తో లోపాలు చూసే ఏర్పాటు) తప్పనిసరి అయ్యిందే 2010 తర్వాత. పైగా సెన్సర్ పోయినా ఒక్కోసారి కోడ్ పడదు.

హాలియా_బత్తాయి:
ఎవరూ పెట్రోల్ టెస్ట్ చేయమని చెప్పట్లేదు. గాజు సీసాలో తీసి నిలబెట్టండి, రెండు పొరలు కనబడితే నీళ్లున్నట్టు. బంకులో ఫిల్టర్ పేపర్ టెస్ట్ అడిగే హక్కు కూడా మనకుంది, ఎవరూ అడగరు.

వనపర్తి_రమణ:
పదిహేనేళ్లు దాటిన బండి మీద ఇంత ఖర్చెందుకు? స్క్రాప్‌కిచ్చి ఈఎంఐలో కొత్తది తీసుకోండి.

దేవరకొండ_టీచర్:
ఆర్‌సీ ఐదేళ్లకు రెన్యువల్ అయింది, ఫిట్‌నెస్ ఉంది. ఇది మా నాన్న కొన్న బండి. సలహా అడిగింది రిపేర్ గురించి.

నల్లగొండ గ్యారేజ్ అన్నా, ఒక మాట అడుగుతా. జ్వరమని పోతే ఏ డాక్టరైనా రక్తం చూడకుండా, ఈ మందు కాకపోతే ఆ మందు అని నా పైసలతో ప్రయోగాలు చేస్తాడా? పాత పంపు మంచిదే అయితే నా నాలుగున్నర వేలు ఎవరిస్తారు? తీసేసిన పంపు కూడా నా చేతికివ్వలేదు.

నల్లగొండ_గ్యారేజ్:
డాక్టర్ మాట ఎత్తారు కాబట్టి చెప్తా సార్. డాక్టర్ దగ్గర లోపలికి పోకముందే ఫీజు కడతారు, టెస్టులకు వేరే కడతారు, ఏమీ లేదని తేలినా ఆ పైసలు వాపస్ అడగరు. నా దగ్గర? మొన్న ఒక గిరాకీ బండి ఇట్లాగే వేడి మీద సతాయిస్తోందంటే ఎండలో తిప్పి, ఆగిపోయేదాకా ఎదురుచూసి, వైరింగ్ అంతా పట్టుకుని చూస్తే ఒక ఎర్త్ వైర్ లూజు. బిగించాను. రెండు వందలు అడిగితే ‘వైరు బిగించినందుకు రెండు వందలా’ అని లొల్లి. అదే ఏదో ఒక పార్టు మార్చి రెండు వేల బిల్లు చేతిలో పెడితే మాట్లాడకుండా ఇచ్చి పోయేవాడు. చెక్ చేసినందుకు పైసలివ్వడం మీకు ఇష్టం ఉండదు. పార్టుకు ఇస్తారు, ఎందుకంటే పార్టు కంటికి కనబడుతుంది. ఇక మెకానిక్ పార్టులు మార్చక ఏం చేస్తాడు?

మిర్యాలగూడ_ఆటోఎలక్ట్రిక్:
ఇది మాత్రం నిజం. నా షాపులోనూ ఇదే గోస. కానీ అన్నా, గిరాకీ పైసలివ్వడు కాబట్టి వాడి పైసలతో గుడ్డిగా పార్టులు మారుస్తామంటే ఎట్లా? చెకింగ్ చార్జీ ముందే చెప్పాలి. ఇష్టమున్నవాడు ఉంటాడు, లేనివాడు పోతాడు.

నల్లగొండ_గ్యారేజ్:
పోతాడు, పక్క షాపులో ‘చెకింగ్ ఫ్రీ’ అంటే అక్కడికి. కిరాయి నువ్వు కడతావా? ఇద్దరు పిలగాళ్లకు జీతాలున్నాయి నాకు.

దేవరకొండ_టీచర్:
అన్నా, చెకింగ్‌కు ఇంత అని ఎవరూ నాతో అనలేదు. అని ఉంటే ఇచ్చేవాణ్ని. ‘చూద్దాం సార్, పంపు అయి ఉంటుంది’ అన్నారు. అయి ఉంటుంది అన్నదానికి నాలుగున్నర వేలు కట్టాను. నా కోపం దాని మీదే గానీ మీ కష్టం మీద కాదు.

నిన్న మధ్యాహ్నం మళ్లీ ఆగింది కాబట్టి చెప్పినవన్నీ చూశాను. కీ ఆన్ చేస్తే పంపు రెండు సెకన్లు తిరిగింది. సెల్ఫ్ కొట్టినప్పుడు శబ్దం లేదు. ప్లగ్ దగ్గర నిప్పురవ్వ అసలు లేదు. పక్కింటి అబ్బాయి సాయంతో సెన్సర్ కనుక్కుని తడి గుడ్డ పెట్టాం, కాసేపటికి స్టార్ట్ అయింది. ఇంజిన్ అప్పటికీ చెయ్యి పెట్టలేనంత వేడిగానే ఉంది.

హాలియా_బత్తాయి:
సెన్సర్ పోయి ఉండొచ్చు, దానివల్ల పెట్రోల్ మంచిదని రుజువు కాదు. ట్యాంకు పైపులు కూడా చూపించుకోండి.

దేవరకొండ_టీచర్:
చూపిస్తానండి, పాత రబ్బరు పైపులు ఎలాగూ మార్చాల్సిందే. ఇప్పుడు సెన్సర్ కొనేయనా?

నల్లగొండ_గ్యారేజ్:
కొనకండి. ముందు ఆ సెన్సర్ ప్లగ్ ఊడదీసి పిన్నులు చూడాలి. పచ్చగా పాచి పట్టినా, పిన్ను వదులైనా, వైరు ఇంజిన్‌కు ఆనుకుని పొర కరిగినా వేడికి ఇట్లాగే చేస్తుంది. తడి గుడ్డ పెట్టినప్పుడు వైరు కదిలి కూడా పట్టుకుని ఉండొచ్చు. రెండు వైర్ల సెన్సర్ అయితే చల్లగా ఒకసారి, వేడి మీద ఒకసారి ఓమ్స్ (రెసిస్టెన్స్) చూస్తా. మూడు వైర్లదైతే చాలావరకు ఆ లెక్క పనికిరాదు, సిగ్నలే చూడాలి. కాయిల్ సంగతి అప్పటిదాకా మర్చిపోండి.

చెకింగ్‌కు నాలుగు వందలు, దొరికినా దొరక్కపోయినా. సెన్సర్ మారిస్తే పాతది మీ చేతికిస్తా. ఒప్పుకుంటే ఆదివారం మధ్యాహ్నం రండి. చల్లటి పూట తెస్తే స్టార్ట్ అయి కూర్చుంటుంది, నాకు ఏమీ కనబడదు. దేవరకొండ నుంచి ఎక్కడా ఆపకుండా నేరుగా షాపుకే రండి.

దేవరకొండ_టీచర్:
ఒప్పుకున్నా. ఒంటిగంటకల్లా వస్తాను.